మీ ఎత్తు మీరే వేయాలి

హాలియాలో లైబ్రరీ నడిపిన రోజుల్లో నేను సంపాదించుకున్న పేరు ఒక్కటే, గయ్యాళి. అది అన్యాయంగా వచ్చిన పేరేమీ కాదు. గట్టిగా మాట్లాడితే బయటికి పంపేదాన్ని. పుస్తకం మూల మడిస్తే వాళ్ల చేతే సాపు చేయించేదాన్ని. ఒకసారి బీఈడీ చదివి ఉద్యోగం కోసం తిరుగుతున్న ఒకాయన, పేపర్లో పడ్డ ప్రకటనను బ్లేడుతో కోసి జేబులో పెట్టుకుంటుంటే పట్టుకున్నాను. "రాసుకుందామంటే పెన్ను లేదు మేడం, ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. నేను చెవిన పెట్టలేదు. సభ్యత్వం తీసేసి, ఆయన పేరు నోటీసు బోర్డు మీద రాసి నెలరోజులు ఉంచాను. ఆయన మళ్లీ మా మెట్లు ఎక్కలేదు. రూలు రూలే అనుకుని ఆ పూట హాయిగా అన్నం తిన్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదానికి ఎవర్నైనా తిడదామన్నా నాకు నోరు రాదు.

ఎనభైల చివరి మాట. లైబ్రరీకి ఎదురుగా, రోడ్డు దాటితే ఒక దర్జీ దుకాణం. ఆ దర్జీని ఊరంతా చాచా అనేది, నేనూ అట్లాగే పిలిచాను. అరవై దాటిన మనిషి. దుకాణంలో ఒక కుట్టు మిషను, బట్ట కత్తిరించే బల్ల, ఆ బల్ల చివర ఒక చదరంగం బోర్డు. బోర్డు మీద ఆట ఎప్పుడూ సగంలోనే ఉండేది. ఒక లాగుకు నాడా గుచ్చి ఒక ఎత్తు వేసేవాడు, ఇంకో లాగు అందుకునేవాడు.

అక్కడ ఆడేది ఇద్దరే అయినా చుట్టూ ఎనిమిది మంది, పదిమంది నిలబడేవాళ్లు. నిలబడ్డ ప్రతివాడికీ చెప్పే హక్కు ఉండేది. "గుర్రం తియ్యి", "గా ఒంటెను జూడు, పోతాంది" అని నలువైపుల నుంచీ మాటలు పడేవి. మా దగ్గర అది పద్ధతి. చూస్తూ కూడా చెప్పకుండా ఊరుకున్నాడంటే వాడికి ఆట రాదన్నా కావాలి, ఆడేవాడి మీద కోపమన్నా ఉండాలి. చాచా అన్నీ వినేవాడు, గడ్డం గోక్కునేవాడు, అందులో ఒకటి ఎంచుకునేవాడు, లేదంటే ఏదీ కాదని తనకు తోచింది వేసేవాడు. ఓడిపోతే చెప్పినవాణ్ని ఒక్క మాట అనేవాడు కాదు. "చెప్పెటోడు చెప్తడు. ఎత్తింది నా చెయ్యే గద" అనేవాడు.

వాళ్లందరిలో పెద్ద నోరు లస్కరుది. సాగర్ కాలువ తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. బడి మొహం చూడని మనిషి, జీతం రోజున వేలిముద్ర వేసేవాడు. కాని బోర్డు వైపు కాసేపు చూశాడంటే ఎవరికీ కనబడనిది ఆయనకు కనబడేది. చాచాకూ ఆయనకూ ముప్పై ఏళ్ల దోస్తీ. ఒకరినొకరు "ఏమయ్యా ముసలోడా" అనుకునేవాళ్లు. రంజానుకు ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, దసరాకు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి గిన్నెలు పోయేవి.

మా లైబ్రరీకి నెలకోసారి ఆటల మీద ఒక ఇంగ్లీషు పత్రిక వచ్చేది. హాలియాలో దాన్ని చదివేది నేనొక్కదాన్నే, అదీ తోచక. ఒక నెల చివరి పేజీలో ప్రకటన పడింది. పోస్టు కార్డుల మీద ఆడే చదరంగం పోటీ. ఒక కార్డు మీద ఒక ఎత్తు రాసి పంపాలి, అవతలివాడు తన ఎత్తు రాసి పంపుతాడు. ఒక్కో ఆట ఏడాది, ఏడాదిన్నర నడుస్తుంది. గెలిచినవాళ్ల పేర్లు పత్రికలో వేస్తారు. నాకు పెద్దరికం ఎక్కువ, ఎవరూ అడక్కుండానే ప్రకటన పట్టుకుని రోడ్డు దాటాను.

చాచా అంతా విని ఒకటే అడిగాడు. "అచ్చుల నా పేరు వస్తదా బిడ్డ?"

నవ్వులాటకు అన్న మాట కాదది. ఆయన పేరు ఏ కాగితం మీదా సక్కగా లేదు. ఓటరు లిస్టులో ఆయనకు వాళ్ల నాయిన పేరు పడింది. రేషన్ కార్డులో సగం పేరే ఉంది. దుకాణం బోర్డు మీద ఇంతకు ముందున్న దర్జీ పేరే ఇంకా ఉంది. "సచ్చేలోపట ఒక్కసారి నా పేరు మొత్తం అచ్చుల జూసుకోవాలె బిడ్డ. నేను గీ దునియాల ఉన్ననని ఒక్క కాయితమన్న చెప్పాలె" అన్నాడు. నేను ఆ పూటే దరఖాస్తు నింపాను. ఉత్తరాలకు లైబ్రరీ చిరునామా ఇచ్చాను.

పది రోజులకు నిబంధనల కాగితం వచ్చింది. దుకాణంలో కూర్చుని ఒక్కొక్కటి తెలుగు చేసి చెప్పాను. తొమ్మిదో నిబంధన దగ్గరికి వచ్చేసరికి, "మీ ఎత్తు మీరే వేయాలట చాచా. మనిషి సాయం గాని, మిషను సాయం గాని తీసుకోవద్దట" అన్నాను.

"నా ఎత్తు నేను గాక ఇంకెవరేస్తరు?" అన్నాడు చాచా. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. లస్కరు కూడా ఊపాడు. అందరికన్నా ముందు నేనే ఊపాను. పదో నిబంధనకు పోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి నేనే మొత్తుకోవాలనిపిస్తుంది.

కార్డు మీద ఎత్తును అంకెల్లో రాయాలి. బోర్డు మీద ప్రతి గడికీ రెండంకెలు, బయల్దేరిన గడీ, చేరిన గడీ కలిపి నాలుగంకెలు. మొదటి కార్డు మీద యాభై రెండు, యాభై నాలుగు అని ఉంది. చాచా దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఛాతి యాభై రెండు, నడుం యాభై నాలుగా? ఎవడే వీడు, గింత బొజ్జ" అన్నాడు. ఆ నవ్వు రోడ్డు దాటి లైబ్రరీలోకి వినబడింది. నేను కూడా ఆ రోజు ఎవర్నీ కసరలేదు.

అంకెలంటే ఆయనకు కొట్టినపిండి. నెల తిరక్కుండానే కార్డు తనే రాసుకునేవాడు. కింద తన పేరు ఇంగ్లీషులో రాయడం మాత్రం నా దగ్గర నేర్చుకున్నాడు. బట్ట మీద సుద్దతో గీసినట్టు ఒక్కో అక్షరం మెల్లగా గీసేవాడు. కార్డు వచ్చిన రోజు దుకాణంలో సందడి. ఆ నాలుగంకెల ప్రకారం బోర్డు మీద పావు జరిపి, ఆ తర్వాత రెండు రోజులు ఊరంతా ఆలోచించేది. బస్సు దిగినవాళ్లు, ధాన్యం అమ్మడానికి వచ్చినవాళ్లు, పెళ్లి బట్టలకు కొలతలిచ్చేవాళ్లు, అందరూ తలో మాట చెప్పేవాళ్లు. నాకు ఆట పెద్దగా రాకపోయినా నేనూ చెప్పేదాన్ని. మూడో రోజు చాచా ఒకటి నిర్ణయించి కార్డు డబ్బాలో వేసేవాడు.

మొదటి మెట్టు రెండేళ్లలో గెలిచాడు. ఆఖరి మెట్టులో ఏడుగురు మిగిలారు. అందులో ఐదు ఆటల్లో చాచాదే పైచేయి. ఆరో ఆట బొంబాయిలో ఉన్న ఒక ఇంజనీరుతో. ఇది గెలిస్తే పోటీయే గెలిచినట్టు. పేరు పత్రికలో మొదటి వరుసలో పడుతుంది. ప్రతి నెలా పత్రిక వచ్చే రోజున చాచా చేతులు కడుక్కుని లైబ్రరీకి వచ్చేవాడు, చివరి పేజీ తిప్పి, పేర్లు పడే చోటు వేలితో చూసుకుని పోయేవాడు. "ఇంకా రాలేదు చాచా" అంటే, "జాగా జూసుకుంటున్న బిడ్డ" అనేవాడు.

ఇంజనీరుతో ఆట ఇరకాటంలో పడింది. ఎటు జరిపినా చాచాకు నష్టమే కనబడుతోంది. నాలుగు రోజులు ఎవరికీ ఏదీ తోచలేదు. అయిదో రోజు లస్కరు కాలువ మీది నుంచి బురద కాళ్లతోనే వచ్చి, చాలాసేపు నిలబడి, "ఏనుగును ఇచ్చెయ్యి" అన్నాడు.

"పిచ్చా నీకు? ఉత్తగ ఇచ్చుడా?" అన్నాడు చాచా.

"ఉత్తగనే ఇయ్యి. వాడు తింటడు. తిన్నంక గుర్రాన్ని గీడికి తే. ఇగ వాని రాజు ఏడికి పోతడో జూస్త."

చాచా రాత్రి భోజనానికి కూడా లేవకుండా చూశాడట. పొద్దున నా దగ్గరికి వచ్చి, "వీని నోట్ల చక్కెర పొయ్యాలె" అని, కార్డు డబ్బాలో వేశాడు.

బొంబాయి నుంచి మూడు వారాల దాకా జవాబు రాలేదు. వచ్చింది పోటీ కార్యదర్శి దగ్గర్నుంచి, కవరు. టైపు చేసిన ఉత్తరం, చాలా మర్యాదగా ఉంది. అవతలి ఆటగాడు ఫిర్యాదు చేశాడట. ఈ పెద్దమనిషి ఎత్తుల్లో ఒకటి ముసలి మనిషి వేసినట్టు నెమ్మదిగా ఉంటుంది, ఇంకొకటి తెగించినవాడు వేసినట్టు ఉంటుంది, ఒక్క మనిషి ఇట్లా ఆడలేడు, మధ్యలో చదరంగం ఆడే యంత్రాన్ని వాడుతున్నాడని నా అనుమానం, అని. నిజమా కాదా నెలలోపు తెలియజేయండి అని కార్యదర్శి అడిగాడు.

నేను చదివి చెప్పగానే దుకాణంలో ఒకటే నవ్వు. "ఉన్నదొక్కటే మిషను, గదీ సూది ఇరిగి కూసున్నది" అన్నారు ఎవరో. చాచా మాత్రం నవ్వలేదు. "దొంగ అంటున్నడా బిడ్డ నన్ను?" అన్నాడు. ఆయన మొహం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఊళ్లల్లో ఎవరి మీదైనా లేనిపోని నింద పడితే చేసే పని ఒకటుంది. దరఖాస్తు రాసి, కింద పదిమందితో సంతకాలు పెట్టిస్తాం. కరెంటు రాకున్నా అదే, బస్సు ఆపకున్నా అదే. సంతకాలు ఎన్ని ఎక్కువుంటే అంత నిజం అని మా నమ్మకం. నేను లైబ్రరీకి తాళం వేసి, నాకొచ్చిన ఇంగ్లీషంతా పెట్టి ఉత్తరం రాశాను. ఈయన యంత్రమనేదాన్ని కంటితో చూసి ఎరగడు. ఈయన ఎత్తులు ఈ దుకాణంలో, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ఊరంతా మాట్లాడుకున్నాకే పడతాయి. దాపరికం ఏమీ లేదు. మీకు అనుమానం కలిగిన ఎత్తును ఎవరు చెప్పారో కూడా కింద సాక్ష్యం ఉంది.

ముప్పై ఒక్క సంతకాలు పడ్డాయి. బస్సు కండక్టరు కూడా బస్సు ఆపి పెట్టి పోయాడు. చివర లస్కరు వేలిముద్ర. అది ఎవరిదో వాళ్లకు తెలియాలి కదా అని దాని పక్కన నేనే నా దస్తూరీతో పేరు వేసి, కింద రాశాను, ఏనుగు ఎత్తు చెప్పినది ఇతనే అని. లస్కరు సిరా వేలిని లుంగీకి తుడుచుకుంటూ, "నా పేరు గూడ బొంబాయి పోతాంది" అని మురిసిపోయాడు.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. లైబ్రరీలో ఒక్కదాన్నే ఉన్నాను. మీ నిజాయితీకి ధన్యవాదాలు, యంత్రం గురించిన ఫిర్యాదును కొట్టివేస్తున్నాం, అని మొదలైంది. అయితే మీరు పంపిన సాక్ష్యం ప్రకారం ఎత్తులు ఇతరుల సాయంతో వేసినట్టు రుజువవుతోంది. తొమ్మిదో నిబంధన ప్రకారం ఆటగాణ్ని పోటీ నుంచి తొలగించాం, ఆటలన్నీ ఓడినట్టు లెక్క. నిబంధన ప్రకారమే పేరు పత్రికలో ప్రకటిస్తాం.

చేజేతులా నేనే రాసిచ్చాను. ముప్పై ఒక్కమంది చేత ఆయన్ను దొంగ అని సంతకం పెట్టించాను. కార్యదర్శిని తిట్టుకుందామని ఉత్తరం మళ్లీ చదివాను. తిట్టడానికి ఒక్క మాట దొరకలేదు. అక్కడున్న ప్రతి మాటా నేను ఆ బీఈడీ ఆయనతో అన్నదే. ఆ కార్యదర్శి కుర్చీలో నేనుంటే నేనూ అదే రాసేదాన్ని.

మా దగ్గర ఆట ఇట్లాగే ఆడతారని, మోసమని మాకు తెలియదని, మిగిలిన ఆటలు ఆయన ఒక్కడే ఆడతాడని మళ్లీ రాశాను. నిర్ణయం మారదని ఒక్క లైను కార్డు వచ్చింది.

చాచాకు నేను చెప్పలేదు. యంత్రం మాట కొట్టేశారట అని ఆ సగమే చెప్పాను. ఆయన ఆకాశం వైపు చేతులెత్తాడు. ఆ తర్వాత కార్డులు రావడం ఆగిపోయింది. రోజూ పోస్టు వేళకు వచ్చి నిలబడేవాడు. "బొంబాయిల వానలట చాచా", "పోస్టులో ఆలస్యమట" అని రోజుకొక అబద్ధం చెప్పాను. లస్కరు, "ఏనుగు దెబ్బకు వానికి జెరమొచ్చింది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, నా నవ్వు చూస్తే నాకే అసహ్యం వేసేది.

పత్రిక వచ్చింది. పైన చుట్టిన కాగితం చించి చివరి పేజీ తిప్పాను. పేరు ఉంది. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, ఒక్క అక్షరం పోకుండా ఉంది. డ్రాయరులోంచి బ్లేడు తీశాను. పేజీ మధ్యలో బ్లేడు ఆనించానో లేదో, చాచా లోపలికి వచ్చాడు. చేతులు కడుక్కునే వచ్చాడు, ఇంకా తడిగానే ఉన్నాయి.

పత్రికను నా చేతిలోంచి తీసుకుని, ఎప్పటి జాగాలోనే వేలు పెట్టి, కిందికి జరుపుకుంటూ పోయాడు. వేలు ఆగింది. అక్షరం అక్షరం తడిమాడు. పెదాలు కదిపాడు.

"వచ్చింది బిడ్డ" అన్నాడు. ఆ మొహంలో ఆ వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "మొత్తం వచ్చింది. మీద ఏం రాసిన్రు?"

అప్పుడు కూడా అబద్ధం చెప్పొచ్చు. హాలియాలో ఆ పత్రిక చదివేది నేనొక్కదాన్నే. కాని ఆ పేజీ అందరికీ చూపిస్తూ ఊరంతా తిరుగుతాడు, ఎవడో ఒక ఇంగ్లీషు చదివినవాడు పదిమందిలో చదివి వినిపిస్తాడు. ఏడుస్తూనే చెప్పాను. "బయటి సాయం తీసుకున్నందుకు తీసేసినవాళ్ల పేర్లు చాచా ఇవి" అన్నాను. ఉత్తరం సంగతి, సంతకాల సంగతి, నేను దాచిన సంగతి, అన్నీ చెప్పాను.

ఆయన వేలు పేరు మీద నుంచి తీయలేదు. "లస్కరు పేరేసిన్రా?" అన్నాడు.

"లేదు."

"మంచిగైంది. వాడు తట్టుకోడు."

నేను బ్లేడు అందుకున్నాను. "కోసేస్తాను చాచా. ఎవరికీ తెలియదు."

"వద్దు బిడ్డ. గా బీఈడీ పంతులు ఒక్క ముక్క కోసుకుంటె బోర్డు మీద పేరెక్కిచ్చినవు. నా కోసం కోస్తె గాయన ఉసురు తగుల్తది" అన్నాడు. పత్రిక మూసి, నా బల్ల మీద పెట్టి, రోడ్డు దాటి పోయాడు. నేను దాని మీద లైబ్రరీ ముద్ర వేసి మిగతా పత్రికల మధ్య పెట్టాను. నెలంతా అది అక్కడే ఉంది. ఎవరూ తెరవలేదు.

ఆ తర్వాత దుకాణంలో చాచా ఒక రూలు పెట్టాడు. బోర్డు దగ్గర ఎవరూ మాట్లాడొద్దు. మొదట ఎవరూ నమ్మలేదు. లస్కరు అలవాటు కొద్దీ "గుర్రం" అనబోతే, చాచా తలెత్తకుండా, "చెప్పకు. నాకు తెల్వకనా?" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. లస్కరు వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత నా దగ్గరికి వచ్చి, "మేడం, నా ఏలిముద్రతోనే పోయిందట గద ఆట. నువ్వన్న చెప్పకపోతివి" అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఆ మనిషి మళ్లీ ఆ దుకాణం వైపు రాలేదు. కాలువ మీదికి చుట్టుదారిన పోయేవాడు. ఆ ఏడు రంజానుకు గిన్నె పోయిందో లేదో నేను అడగలేదు.

నిలబడేవాళ్లు తగ్గారు. నోరు మూసుకుని చూడడానికి ఎవడు వస్తాడు? కొన్నాళ్లకు ఎదుట కూర్చునేవాళ్లు కూడా రావడం మానేశారు. చాచా బోర్డును గోడవైపు తిప్పుకుని, రెండు వైపులా తనే ఆడుకునేవాడు.

తొంభైల్లో నాకు మహబూబ్‌నగర్ వైపు బదిలీ అయింది. పోయే ముందు కుట్టడానికిచ్చిన జాకెట్లు తీసుకుందామని దుకాణానికి వెళ్లాను. చాచా నాకు వీపు పెట్టి బోర్డు మీదికి వంగి ఉన్నాడు. తెల్ల పావుల వంతు. నాకు ఆట అంతంత మాత్రమే వచ్చు, అయినా కనబడింది. ఆయన చెయ్యి బంటు మీదికి పోతోంది. అది కదిలితే నల్ల ఒంటెకు దారి దొరుకుతుంది, వజీరు పోతుంది. నోరు తెరిచాను.

వెనక్కి చూడకుండానే ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఆయన బంటును జరిపాడు. బోర్డును అటు తిప్పాడు. నల్ల ఒంటెతో తన వజీరును తనే తీసి పక్కన పెట్టాడు.

"ఇంకా గుండీలు కుట్టలే బిడ్డ. జర కూసో" అన్నాడు. నేను కూర్చున్నాను.